ఎగరలేదు, పరిగెత్తింది

ఈరోజు పొద్దున్నే కళింగపట్నం ఒడ్డున మా మూడు చక్రాల బండి మొదటిసారి తన బ్యాటరీ మోటారుతో, వెనక తిరిగే ప్రొపెల్లర్ తోపుతో తానే పరిగెత్తింది. దాన్ని గాల్లోకి లేపాల్సిన పారాగ్లైడర్ రెక్క, అంటే గొడుగులా విచ్చుకునే గుడ్డ రెక్క, ఇంకా సంచిలోనే ఉంది. అయినా నా చేతుల వణుకు ఇంకా తగ్గలేదు.

పెట్రోలు ఇంజను పెట్టుకోమని చాలామంది చెప్పారు. నిజమే, కిలో పెట్రోల్లో దాదాపు 12 కిలోవాట్ అవర్ల శక్తి ఉంటే, కిలో లిథియం బ్యాటరీలో పావు వంతు కిలోవాట్ అవర్ దొరికితే గొప్ప. ఇంజను అందులో చాలా భాగం వేడిగా పోగొట్టినా ఆ తేడా పూడదు. కానీ బ్యాటరీతో పొగ లేదు, కంపు లేదు, స్విచ్ వేస్తే చాలు. నాకు అదే కావాలి.

నిన్న రాత్రి మాత్రం ఏడుపొచ్చింది. 14 సెల్స్ వరసగా కలిపిన బ్యాటరీ ప్యాక్, ఫుల్ ఛార్జ్‌లో 58.8 వోల్టులు. ఒక కనెక్టర్‌లో సోల్డర్ సరిగా అంటలేదు. థ్రాటిల్ పెంచగానే దాని ఎర్ర ప్లాస్టిక్ మైనంలా జారి వేలి మీద పడింది. మళ్లీ అతికేసరికి రెండైంది.

ప్రొపెల్లర్ ఒకవైపు తిరిగితే ఫ్రేము రెండోవైపు ఒరుగుతుంది. ఇసుకలో ఎడమ చక్రం గాడి లోతుగా, కుడిది పైపైన కనిపించాయి. వెల్డింగ్ చేసిపెట్టిన మావయ్య వంగి ఆ గాడిలో జానపెట్టి కొలిచాడు.

"మోటారు బిగించిన మౌంట్ కొంచెం వంచుదాం. తొందరపడి నువ్వు పడిపోతే ఏటి సేస్తాం?"

ఎండెక్కాక సముద్రపు గాలి మొదలైంది. బండి ట్రాలీ ఎక్కించేశాం. శిక్షణ, అనుమతులు పూర్తయ్యేదాకా చక్రాలు నేల వదలవు. ఆదివారం మళ్లీ ఇక్కడే, కొత్త మౌంట్‌తో.