రాకెట్ ఓడకు తెలుగు మాటలు

2023 ఆగస్టు 23 సాయంత్రం చంద్రయాన్-3 ల్యాండర్ చంద్రుడి మీద దిగుతుంటే తెనాలిలో మా మామయ్య, నేను పక్కపక్కన కూర్చుని టీవీలో చూశాం. చప్పట్లు సద్దుమణిగాక ఆయన అడిగారు: "ఇంకా ఎవరూ పైకి వెళ్లని రోజుల్లో సినిమావాళ్లు రాకెట్ లోపలి గదిని ఎలా కట్టారు అమ్మాయీ?"

ఎలా ఊహించారని కాకుండా ఎలా కట్టారని అడగడం ఆయనకు సహజం. కోడంబాక్కం స్టూడియోలలో ముప్పయ్యేళ్లకు పైగా సెట్లు కట్టిన వడ్రంగి ఆయన. రాజమహలైనా పూరిపాకైనా ఆయనకు ముందు కనిపించేది రీపర్లు, ప్లైవుడ్, మేకులు. ఆయనకు ఇంగ్లీషు రాదు. ఆ ప్రశ్నకు జవాబుగా ఒక పాత సినిమాకు తెలుగు సబ్‌టైటిళ్లు రాసి చూపించాలనుకున్నాను. నేను జూనియర్ కాలేజీలో రసాయనశాస్త్రం చెబుతాను. అనువాదం అంతకుముందు ఎప్పుడూ చేయలేదు. రెండు వారాల్లో అయిపోతుందనుకున్న పని నాలుగు నెలలు పట్టింది.

ఎంచుకున్న సినిమా 1950 మే నెలలో అమెరికాలో విడుదలైన 'రాకెట్‌షిప్ ఎక్స్-ఎం'. అదే ఏడాది జార్జ్ పాల్ నిర్మించిన చంద్రయాత్ర చిత్రం రంగుల్లో, దాదాపు ఆరు లక్షల డాలర్ల ఖర్చుతో వచ్చింది. దానికి ముందునుంచే పెద్ద ప్రచారం ఉంది. ఆ సందడిలోనే లిప్పర్ట్ అనే చిన్న సంస్థ కర్ట్ న్యూమన్ దర్శకత్వంలో 94 వేల డాలర్లతో, 18 రోజుల చిత్రీకరణతో తన సినిమాను పూర్తి చేసి, ఇంచుమించు నెల ముందే థియేటర్లకు పంపింది. మామయ్య పనిచేసిన నిర్మాతల్లో ఎక్కువమంది లిప్పర్ట్ లాంటి వాళ్లే. అందుకే పెద్ద సినిమాను పక్కన పెట్టి దీన్ని తీసుకున్నాను.

కథ చిన్నది. నలుగురు మగవాళ్లు, ఒక స్త్రీ చంద్రుడికి బయలుదేరతారు. దారిలో ఇంజన్లు ఆగిపోతాయి. ఇంధన మిశ్రమం మార్చి మళ్లీ వెలిగిస్తే అదుపు తప్పిన వేగానికి అందరూ స్పృహ కోల్పోతారు. కళ్లు తెరిచేసరికి ఎదురుగా అంగారకుడు ఉంటాడు. అక్కడ దిగితే ఒకప్పటి నాగరికత శిథిలాలు, అణుయుద్ధం మిగిల్చిన రేడియోధార్మికత కనిపిస్తాయి. తిరుగు ప్రయాణం ముగ్గురికే దక్కుతుంది. భూమి దాకా వస్తారు గానీ దిగడానికి ఇంధనం చాలదు. హిరోషిమా మీద బాంబు పడి అప్పటికి ఐదేళ్లు కూడా నిండలేదు. అంత తక్కువ డబ్బుతో తీసిన సినిమా సుఖాంతం జోలికి పోకుండా ఆ మాట చెప్పిందంటే నాకు గౌరవం కలుగుతుంది.

మొదటి అడ్డంకి కాలం దగ్గర వచ్చింది. నాకు దొరికిన ఇంగ్లీషు సంభాషణల ఫైలులో ప్రతి మాటకూ మొదలయ్యే క్షణం, ముగిసే క్షణం ఉన్నాయి. మొదటి ఐదు నిమిషాలు బాగానే కుదిరినట్టు అనిపించింది. సినిమా నడిచే కొద్దీ మాటలు పెదవుల కంటే ముందుకు పోయాయి. చివరికి వచ్చేసరికి తేడా మూడు నిమిషాలు. కారణం తెలుసుకోవడానికి ఒక ఆదివారం మొత్తం పోయింది. సినిమా ఫిల్ము సెకనుకు 24 ఫ్రేముల చొప్పున నడుస్తుంది. యూరప్ టీవీ పద్ధతిలో దాన్ని 25కు పెంచి నడిపిస్తారు. నా ఫైలు ఆ వేగానికి తయారైనది. 77 నిమిషాల సినిమా ఆ లెక్కన 74 నిమిషాలకే అయిపోతుంది. ప్రతి కాలాన్నీ 25తో గుణించి 24తో భాగించమని, నేను ఈ పనికి వాడే సబ్‌టైటిల్ ఎడిట్ అనే సాఫ్ట్‌వేర్‌కు చెప్పగానే అన్నీ వాటి వాటి చోట్లలో కూర్చున్నాయి. ఈ పని మొదలుపెట్టేవాళ్లు అనువాదం కంటే ముందు ఫ్రేముల వేగం సరిచూసుకోవాలి. నేను అప్పటికే రెండు వందల వరుసలను చేత్తో ఒక్కొక్కటిగా జరిపి ఉన్నాను.

రెండోది చదివే వేగం. సెకనుకు ఇన్ని అక్షరాలు దాటకూడదని ఒక హద్దు పెట్టుకుంటాం, దాటితే ఆ వరుస ఎర్రబడుతుంది. నా వరుసల్లో సగానికి పైగా ఎర్రబడ్డాయి. 'శాస్త్రజ్ఞురాలు' అనే మాట కంటికి ఐదక్షరాలు. కంప్యూటర్ హల్లును, పొల్లును, ఒత్తును, గుణింతాన్ని విడివిడిగా లెక్కేసి దాన్ని పదిహేను అంటుంది. ఆ లెక్కను వదిలేసి మామయ్య పక్కన గడియారం పెట్టుకుని కూర్చున్నాను. కాగితం మీద రాసిన వరుసలు చూపిస్తూ, చదవడం అయ్యాక తల ఊపమన్నాను. ఆయనకు 81 ఏళ్లు. రెండు పొట్టి వరుసలకు ఐదు సెకన్లు కావాలి. నా హద్దు అదే అయింది. దానికి తగ్గట్టు కోసుకుంటూ పోతే తెలుగు ఎంత తక్కువ మాటలతో పని జరిపించగలదో తెలిసింది. ఇంగ్లీషులో ఆరేడు మాటల వాక్యం తెలుగులో "వెళ్లక తప్పదు" అంటే సరిపోయిన చోట్లు చాలా ఉన్నాయి.

ఇక మాటల ఎంపిక. మొదటి చిత్తులో వ్యోమనౌక, భారరహిత స్థితి, పలాయన వేగం అని పాఠ్యపుస్తకం భాష రాశాను. చదివితే ఆ మనుషులకు అన్నీ ముందే తెలిసినట్టు ఉంది. 1950లో వాళ్లకు ఏమీ తెలియదు. అంతకు ఏడాది ముందు, 1949 ఫిబ్రవరిలో, న్యూ మెక్సికోలోని వైట్ శాండ్స్ నుంచి ఎగిరిన రెండంచెల బంపర్ రాకెట్ 393 కిలోమీటర్ల ఎత్తుకు చేరడమే అప్పటికి పెద్ద ఘనత. చంద్రుడి సగటు దూరం 3,84,400 కిలోమీటర్లు. అంటే దారిలో వెయ్యో వంతు మాత్రమే అప్పటికి తెలిసింది. స్పుత్నిక్‌కు ఇంకా ఏడేళ్లు, గగారిన్‌కు పదకొండేళ్లు ఉన్నాయి. అలాంటివాళ్ల నోట స్థిరపడిన పరిభాష పెట్టడం తప్పనిపించి మొత్తం తిరగరాశాను. వ్యోమనౌక 'రాకెట్ ఓడ' అయింది. భారరహిత స్థితి 'బరువు పోయింది' అయింది.

అదే చిత్తులో ఇంకో పొరపాటు చేశాను. సినిమాలో భౌతికశాస్త్రం చాలాచోట్ల తప్పుతుంది. బయలుదేరడానికి కొన్ని నిమిషాల ముందు యాత్రికులు తీరిగ్గా పత్రికలవాళ్లతో మాట్లాడుతుంటారు. ఆకాశంలో చిన్న చిన్న వస్తువులు తేలుతాయి, మనుషులు మాత్రం నేల మీదే నడుస్తారు. అంగారకుడి మీద పీడనం నిలిపే సూట్లు లేకుండా, ఆక్సిజన్ మాస్కులతోనే తిరుగుతారు. పిల్లలకు పాఠం చెప్పే అలవాటు కొద్దీ నేను పద్నాలుగు చోట్ల తెర పై భాగంలో పసుపు రంగులో వివరణలు రాశాను. మొదటి పావుగంట చూశాక మామయ్య ఆపమన్నారు.

"ఆ పసుపు రాతలు వాళ్ల మాటలా, నీ మాటలా?"

"నావే మామయ్యా. అసలు నిజం ఏమిటో చెబుతున్నాను."

"మేము మాయాద్వీపం సెట్టు కట్టినప్పుడు ఇది అట్ట అని పక్కన బోర్డు పెట్టలేదమ్మా. వాళ్లకు తెలిసినంతలో వాళ్లు కట్టారు. ముందు అది చూడనివ్వు. తర్వాత అడుగుతాను, అప్పుడు చెప్పు."

ఆ రాత్రే పద్నాలుగూ తీసేశాను. ఆ పనిలో నేను నేర్చుకున్నది అదొక్కటే అనాలి. ఎవరూ వెళ్లని చోటు గురించి పేదవాళ్లు కట్టిన ఊహను చూసేటప్పుడు నేటి లెక్కతో తప్పులు ఏరుతూ కూర్చుంటే, ఆ ఊహ ఎక్కడ ఎంత బలంగా నిలబడిందో కనిపించదు.

ఎక్కువ రోజులు తీసుకున్నది మీరు, నువ్వు అన్న రెండు మాటలు. ఇంగ్లీషులో ఆ తేడా లేదు. డాక్టర్ లీసా వాన్ హార్న్ రసాయన శాస్త్రవేత్త, ఆ ఓడలో ఇంధనం ఆమె చేతి పని. కర్నల్ ఫ్లాయిడ్ గ్రాహమ్ మొదటినుంచీ ఆమెతో చనువు తీసుకోవాలని చూస్తుంటాడు. మన పాత సినిమాల ఆనవాయితీ ప్రకారం అతను నువ్వు అనాలి, ఆమె మీరు అనాలి. అలాగే రాసి చూశాను. ఆమె ఒక్కసారిగా అతని కింద పనిచేసే మనిషైపోయింది.

ఇంజన్లు ఆగిపోయాక మిశ్రమం ఎంతుండాలో లెక్కించే ఘట్టంలో అది మరీ బాధపెట్టింది. ఆమె, యాత్ర నాయకుడు డాక్టర్ ఎక్‌స్ట్రమ్ విడివిడిగా కాగితం, పెన్సిల్ పట్టుకుని లెక్కలు వేస్తారు. రెండు జవాబులూ కలవవు. ఆమె తన లెక్క మీద నిలబడినా నాయకుడు తన అంకెలనే తీసుకుంటాడు. ఓడ అదుపు తప్పేది వాటితోనే. లెక్క గురించి ఆమె పట్టుబట్టడాన్ని ఆడవాళ్ల ఉద్వేగంగా తీసిపారేసే సంభాషణ వెంటనే వస్తుంది. మరోచోట ఆడవాళ్లకు వంట, కుట్టుపని, పిల్లలు చాలవా అనే అర్థంలో కర్నల్ ఒక మాట అంటాడు. ఈ మాటలను మెత్తబరచలేదు. మెత్తబరిస్తే ఆ కాలానికి నేను ముసుగు వేసినట్టవుతుంది. అయితే ఆ ఇద్దరు మగవాళ్ల చేతా మీరు అనే అనిపించాను. మన్నించే మాటతోనే తీసిపారేస్తుంటే అన్యాయం ఇంకా స్పష్టంగా వినిపించింది. ఆ వరుసలు రాస్తున్నప్పుడు నా చేతులు వణికాయి. ఆమె లెక్క చేసిన కాగితం నాకు తెలిసిన కాగితం.

చివరి ఘట్టంలో ఇంధనం అయిపోయిందని తెలిసిపోతుంది. ఆమె, గ్రాహమ్ కిటికీ దగ్గర ఒకరినొకరు పట్టుకుని, దగ్గరవుతున్న భూమిని చూస్తారు. ఓడ కెనడాలోని నోవా స్కోషియాలో కూలుతుంది. అంతవరకు 73 నిమిషాలకు పైగా ఇద్దరి మధ్య మీరే నడిపాను. ఇక్కడ నువ్వులోకి మారాలి, కానీ ముందు ఎవరు? మూడు రాత్రులు అటూ ఇటూ మార్చాను. ఆమె నోటే మొదటి నువ్వు పెట్టాను. తర్వాతి వరుసలో అతనూ నువ్వు అంటాడు.

అంతా అయ్యాక టీవీ ఏడిపించింది. పెన్‌డ్రైవ్‌లో ఫైలు పెట్టి చూస్తే ఒత్తులన్నీ విడిపోయి పక్కకు జరిగి, 'స్త్రీ' మూడు ముక్కలుగా కనిపించింది. ఆ టీవీకి తెలుగు అక్షరాలను కూర్చడం రాదు. సబ్‌టైటిళ్లను విడి ఫైలుగా ఉంచకుండా మండలి ఫాంటుతో వీడియో బొమ్మలోనే కలిపి అచ్చువేయించుకోవడం ఒక్కటే దారి. నా పాత కంప్యూటర్‌కు ఒక్కసారి కలపడానికి దాదాపు రెండు గంటలు పట్టేది. ఒక అచ్చుతప్పు దొరికితే మళ్లీ రెండు గంటలు. అలా తొమ్మిదిసార్లు చేశాను.

సంక్రాంతి సెలవుల్లో మామయ్య సినిమా మొత్తం చూశారు. మొదటి సగం ఒక్క మాట మాట్లాడలేదు. తర్వాత సెట్టు గురించి మొదలుపెట్టారు. సినిమాలో ఎక్కువ భాగం ఒకే గది. ఏ గోడ తీసి కెమెరా పెట్టారో, ఏ గోడ మళ్లీ బిగించారో ఘట్టం ఘట్టానికీ చెప్పారు. అంగారకుడు వచ్చేసరికి నలుపు తెలుపు బొమ్మ ఎర్రటి ఛాయలోకి మారింది. ఆయన కుర్చీలో ముందుకు వంగారు. ఆ భాగం కాలిఫోర్నియాలోని డెత్ వ్యాలీలో తీసి, ఆ రీళ్లకు మాత్రం రంగు అద్దారని చెప్పాను.

"రాళ్లు దేవుడు కట్టిన సెట్టు. డబ్బు లేనివాడు అక్కడికే పోతాడు," అన్నారు.

కెమెరా ఎవరిదని అడిగారు. కార్ల్ స్ట్రస్, మొట్టమొదటి ఆస్కార్ బహుమతుల్లో ఛాయాగ్రహణానికి బహుమతి పంచుకున్న మనిషి అని చెబితే ఆయన ఆశ్చర్యపోలేదు. నీడలు చూస్తే తెలుస్తూనే ఉందట. సంగీతం ఫెర్డే గ్రోఫేది. అంగారకుడి మీద వినిపించే ఆ వింత స్వరం థెరిమిన్‌ది, చేత్తో తాకకుండా గాలిలో వేళ్లు కదుపుతూ వాయించే వాద్యం. డబ్బు లేదు గానీ చేతులు గొప్పవి. 18 రోజుల్లో ఇంత నిలబడడానికి కారణం ఆ చేతులేనని ఆయనా నేనూ ఒకే మాట మీద ఉన్నాం.

కిటికీ ఘట్టం అయ్యాక వెనక్కి తిప్పమన్నారు. ఆమె నువ్వు అన్న వరుసను పెదవులు కదుపుతూ చదువుకుని, "ఆమే ముందు అంది," అన్నారు. అంతకు మించి ఏమీ అనలేదు. యాత్ర విఫలం కాలేదని, మరో ఓడ కట్టే పని మొదలవుతుందని అధికారి ప్రకటించే చివరి మాటలను నిలబడి చూశారు.

పసుపు రాతల విషయం ఆయన మరిచిపోలేదు. భోజనాల దగ్గర వరసగా అడిగారు. మనుషులు ఎందుకు తేలలేదు? అక్కడ గాలి ఎంత? నిజంగా నేల ఎరుపేనా? పద్నాలుగింట్లో పదకొండు ఆయనే అడిగారు.

ఇప్పుడు 1951లో వచ్చిన 'ఫ్లైట్ టు మార్స్'కు మాటలు రాస్తున్నాను. ఇది సినీకలర్‌లో తీసిన రంగుల సినిమా, సంస్థ వేరు, నటులు వేరు. పోయిన నెల తెనాలి వెళ్లినప్పుడు మామయ్య నా వెనక నిలబడి కంప్యూటర్‌లోకి చూస్తున్నారు. ఓడ లోపలి గది మొదటిసారి తెర మీదికి వచ్చింది. నేనింకా ఆయనకు ఏమీ చెప్పలేదు.

"ఆపు ఆపు," అన్నారు. "ఇది ఆ గదే అమ్మాయీ. రంగు వేసి మళ్లీ వాడారు."

నిజంగానే ఆ గదే.