వామాకు కోస్తుంటే

"ఇంకో నాలుగాకులు కొయ్యక్కా, రసం తీసి తేనెలో రంగరించి బాబుకి నాకిస్తా" అంది పక్కింటి అమ్మాయి. కోస్తున్న చెయ్యి ఆగిపోయింది. వాడికింకా ఏడాది నిండలేదు.

ఏడాదిలోపు పిల్లలకి తేనె చుక్క కూడా పెట్టకూడదమ్మా అన్నాను. తేనెలో ఒక్కోసారి బొటులిజం, అంటే ఒంట్లో కండరాలు చచ్చుబడిపోయే జబ్బు, తెచ్చే బ్యాక్టీరియా స్పోర్లు (విత్తనాల్లాంటివి) ఉంటాయి. మనకేం కాదు గానీ, పసివాళ్ల పేగుల్లో అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి. ఇంట్లో మరిగించినా చావవు. ఆకురసం కూడా డాక్టర్ని అడిగాకే అని చెప్పా. మొహం కాస్త ముడుచుకుంది. ఇంట్లో పెద్దవాళ్లు చెప్పినదాన్ని కాదంటే ఎవరికైనా అంతే.

అలాగని ఆకు మీద నాకు చిన్నచూపేం లేదు. మందంగా, నూగునూగుగా ఉండే ఆ ఆకుని వేళ్ల మధ్య నలిపితే వాము వాసన గుప్పుమంటుంది. అదంతా ఆకులో ఉండే కార్వక్రాల్, థైమాల్ అనే వాసన పదార్థాల మహిమ. గొంతు గరగరలాడితే నేనూ రెండాకులు వేడినీళ్లలో వేసుకుని తాగుతా, హాయిగా ఉంటుంది. జలుబు తగ్గిందా అంటే... అది ఎలాగూ వారం పది రోజుల్లో తగ్గేదే కదా, క్రెడిట్ మాత్రం ఆకు కొట్టేస్తుంది!

చివరికి ఓ కొమ్మే విరిచి ఇచ్చేశా. కింది ఆకులు తీసేసి మట్టిలో గుచ్చితే చాలు, వేరు పట్టేస్తుంది. నీళ్లు మాత్రం చూసి పొయ్యమన్నా, ఎక్కువైతే కాడ కుళ్లిపోతుంది. బాబుని సాయంత్రం డాక్టర్‌కి చూపిస్తానంది.