ఐఎన్‌ఎస్ ఖుక్రీ ఎందుకు మునిగింది?

1971 డిసెంబర్ 9 రాత్రి డయ్యూ తీరానికి ఆవల అరేబియా సముద్రంలో మునిగిపోయిన ఐఎన్‌ఎస్ ఖుక్రీ ప్రస్తావన వస్తే, ముందుగా ఆ యుద్ధనౌక సారథి కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా త్యాగమే గుర్తుకు వస్తుంది. అది సహజమే. కానీ ఆ ఓడ ఎలాంటిదో తెలిస్తేగాని, ఆయనా ఆయన సిబ్బందీ ఎంతటి ప్రతికూలతకు ఎదురు వెళ్లారో మనకు పూర్తిగా అర్థం కాదు.

బ్రిటన్‌లోని కౌస్‌లో నిర్మించిన ఖుక్రీ 1958లో మన నౌకాదళంలో చేరింది. జలాంతర్గాములను వేటాడడానికే రూపొందించిన బ్లాక్‌వుడ్ తరగతి ఫ్రిగేట్ (మధ్యస్థాయి యుద్ధనౌక) అది. ఖర్చు తగ్గించడం కోసం ఆ తరగతి ఓడలకు ఒకే ప్రొపెల్లర్ పెట్టారు, ఫిరంగుల బలాన్ని కూడా బాగా కుదించారు. ప్రధాన ఆయుధమైన, జలాంతర్గాముల మీదికి పేలుడు గుండ్లు విసిరే లింబో మోర్టార్ గుండ్లు సుమారు 900 మీటర్ల దూరమే వెళ్లేవి. శత్రువు అంత దగ్గరికి వస్తే తప్ప వాటితో ప్రయోజనం లేదు, నీటి అడుగున దూసుకొచ్చే శత్రు టార్పెడో మాత్రం కొన్ని కిలోమీటర్ల నుంచే రాగలదు.

1971లో భారత్-పాకిస్తాన్ యుద్ధం మొదలైనప్పుడు ఖుక్రీ, కిర్పాన్, కుఠార్ ఒకే స్క్వాడ్రన్‌లో ఉండేవి. బాయిలర్ ప్రమాదం వల్ల కుఠార్ తప్పుకోవడంతో, పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్‌ను వెతికే పని మిగిలిన రెండింటి మీదే పడింది. హంగోర్ ఫ్రాన్స్‌లో తయారైన డాఫ్నే తరగతికి చెందినది. శబ్ద తరంగాలతో నీటిలోని ఓడల జాడ పట్టే దాని సోనార్ మన ఓడల సోనార్ కంటే చాలా దూరం నుంచి పసిగట్టగలిగేది. పైగా ఖుక్రీలో అప్పుడు సోనార్ పరిధిని పెంచే ఒక కొత్త పరికరాన్ని పరీక్షిస్తున్నారు. ఓడ వేగం పెరిగేకొద్దీ దాని సొంత చప్పుడే ప్రతిధ్వనులను మింగేస్తుంది కాబట్టి, ఆ పరీక్ష కోసం నెమ్మదిగా సాగవలసి వచ్చింది. జలాంతర్గామి పొంచి ఉన్న నీళ్లలో నెమ్మదిగా, దిశ మార్చకుండా వెళ్లే ఓడను గురిచూడడం తేలిక. వినికిడి పెంచుకోవడానికి ఆ ఓడ తన రక్షణనే వదులుకోవలసి వచ్చిందన్నది నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలచివేసే విషయం.

హంగోర్ ప్రయోగించిన టార్పెడో తగిలిన కొద్ది నిమిషాల్లోనే ఖుక్రీ మునిగిపోయింది. ముల్లా తన లైఫ్ జాకెట్‌ను ఒక నావికుడికి ఇచ్చి, వీలైనంత మందిని బయటికి పంపి, తాను ఓడలోనే ఉండిపోయారు. 18 మంది అధికారులు, 176 మంది నావికులు ప్రాణాలు కోల్పోయారు. ఆయనకు మరణానంతరం మహావీర చక్ర ప్రకటించారు.

ఖుక్రీ పేరును 1989లో నౌకాదళంలో చేరిన ఒక కార్వెట్‌కు (చిన్న యుద్ధనౌకకు) పెట్టారు. 2021 డిసెంబర్‌లో విశాఖపట్నంలో సేవల నుంచి విరమించిన ఆ ఓడను తరువాత డయ్యూకు అప్పగించారు.