మెకానిక్‌ని పిలిచే ముందు డోరు రబ్బరు చూడండి

తిరుపతిలో ఎండ 40 డిగ్రీలు దాటిందంటే ఫ్రిజ్‌కీ ఊపిరాడదు. కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంటే గ్యాస్ పోయిందని తీర్మానించేయకండి. పది రూపాయల నోటు అడ్డం పెట్టి డోరు మూసి, లాగి చూడండి. బిగువు లేకుండా జారి వచ్చేస్తే చల్లదనం అక్కడే పోతున్నట్టు. చాలాసార్లు తప్పు రబ్బరుది కాదు, మడతల్లో ఎండిన దోసెపిండిది! ప్లగ్గు పీకి, లీటరు గోరువెచ్చని నీళ్లలో రెండు టేబుల్‌స్పూన్ల వంటసోడా కలిపి, పాత టూత్‌బ్రష్‌తో మడత మడతా రుద్దండి. తర్వాత పొడిగుడ్డతో తుడవాలి, తడి ఉంటే బూజు పడుతుంది.

ఫ్రాస్ట్ ఫ్రీ (ఐసు పేరుకోని) ఫ్రిజ్‌లో కూరగాయల ట్రే కింద నీళ్లు నిలుస్తున్నాయా? కొన్ని మోడళ్లలో లోపల వెనక గోడ అడుగున నీళ్లు పోయే చిన్న రంధ్రం కనిపిస్తుంది. ఒక్క కొత్తిమీర ఆకు చాలు, అది మూసుకుపోవడానికి. సూది లేని సిరంజితో గోరువెచ్చని నీళ్లు మెల్లగా కొట్టండి. ఆ నీళ్లు దిగేది వెనక కంప్రెసర్ దగ్గరి ట్రేలోకి. దాన్నీ కడగాలి, లేదంటే దోమలకు నిలయం.

సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో పేరుకున్న ఐసును మాత్రం కత్తితో గీకొద్దు. ఆ పలకలోనే గ్యాస్ గొట్టాలుంటాయి, చిల్లుపడితే ఖర్చు తడిసి మోపెడవుతుంది. డీఫ్రాస్ట్ బటన్ నొక్కి వదిలేయండి. వెనక నల్లజాలీ ఉంటే దాని దుమ్మును ఆర్నెల్లకోసారి బ్రష్‌తో దులపండి.