స్టిల్‌బైట్: లావా చల్లారిన తరువాత

ఖనిజ ప్రదర్శనశాలల్లో చూపరుల కళ్లు సాధారణంగా ఆకుపచ్చని అపోఫిల్లైట్ మీదే నిలుస్తాయి. దాని కింద పీఠంలా పరచుకొని ఉండే లేత గులాబీ రంగు స్టిల్‌బైట్‌ను పట్టించుకొనేవారు తక్కువ. నిజానికి ఆ రెండింటిలో జియోలైట్, అంటే లోపలి సన్నని సొరంగాల్లో నీటిని దాచుకొనే ఖనిజాల కుటుంబానికి చెందినది, స్టిల్‌బైట్ మాత్రమే, నన్ను ఎక్కువగా ఆకర్షించేదీ అదే.

దాని పలుచని పలకలు ఒకదానిపై ఒకటి పేరుకొని, రెండు చివరలా విచ్చుకొని, నడుము దగ్గర బిగించి కట్టిన పనలా కనిపిస్తాయి. పలకల వెంబడి చీలిన తలం ముత్యంలా మెరుస్తుంది. పది వరకు ఉండే మోస్ కొలమానంలో కాఠిన్యం 3.5 నుంచి 4 వరకే కాబట్టి ఉక్కు చాకుతో సులభంగా గీత పడుతుంది. సాపేక్ష సాంద్రత సుమారు 2.2, క్వార్ట్జ్ కంటే తేలిక.

ఈ తేలికదనానికి కారణం లోపలి నిర్మాణంలో ఉంది. సిలికాన్, అల్యూమినియం పరమాణువులు ఆక్సిజన్‌ను పంచుకుంటూ కట్టిన చట్రంలో సన్నని సొరంగాలు ఉంటాయి. అల్యూమినియం వల్ల చట్రానికి వచ్చే రుణావేశాన్ని సరిదిద్దే కాల్షియం, సోడియం అయాన్లు ఆ సొరంగాల్లో నీటి అణువులతో కలిసి ఉంటాయి. బరువులో దాదాపు 18 శాతం నీరే. స్వీడన్‌కు చెందిన ఖనిజ శాస్త్రవేత్త క్రోన్‌స్టెట్ 1756లో ఇటువంటి రాయిని వేడిచేసినప్పుడు అది నురగలు కక్కింది. అందుకే గ్రీకులో ‘మరిగే రాయి’ అనే అర్థంలో జియోలైట్ అనే పేరు పెట్టింది ఆయనే. హ్యూలండైట్ అనే మరో జియోలైట్ కూడా చాలాకాలం స్టిల్‌బైట్ పేరుతోనే చలామణి అయింది. ఖనిజ శాస్త్రవేత్త బ్రైట్‌హౌప్ట్ 1818లో వాటిని వేరుచేయగా, 1822లో మరో ఖనిజ శాస్త్రవేత్త బ్రూక్ హ్యూలండైట్‌కు నేటి పేరు ఇచ్చాడు.

స్టిల్‌బైట్ లావాతోపాటు పుట్టినది కాదు. బసాల్ట్ లావా గడ్డకట్టేటప్పుడు వాయువుల బుడగలు ఖాళీలుగా మిగిలిపోతాయి. తరువాత పొరల మధ్య ఇంకిన నీరు వేడెక్కి, రాతిలో స్ఫటికాలుగా మారకుండా గడ్డకట్టిన గాజును, ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజాన్ని కొద్దికొద్దిగా కరిగించుకొని, ఆ ఖాళీల గోడలపై స్ఫటికాలను పేరుస్తుంది. ఇది ఎక్కువగా 200 డిగ్రీల సెల్సియస్ లోపే జరిగే పని. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందటి లావా పొరలైన దక్కన్ ట్రాప్స్‌లో నాసిక్, పుణె పరిసరాల రాళ్లు ఇందుకు ప్రపంచ ప్రసిద్ధి పొందాయి.

ఏ జియోలైట్ ఏర్పడుతుందన్నది చాలావరకు వేడిమిని బట్టి, అంటే లోతును బట్టి ఉంటుంది. తూర్పు ఐస్‌లాండ్ బసాల్ట్ పొరల్లో భూవిజ్ఞాన శాస్త్రవేత్త జార్జ్ వాకర్ ఈ క్రమాన్నే పటంగా గీసి 1960లో ప్రచురించాడు: పైన చాబజైట్, థామ్సొనైట్, లోతుకు వెళ్లేకొద్దీ స్కోలెసైట్, స్టిల్‌బైట్ వంటివి. ఈ మండలాలు లావా పొరల వాలును అనుసరించకుండా వాటిని అడ్డంగా కోస్తూ పోతాయి కాబట్టి, పొరలు వంగిన తరువాతే ఇవి ఏర్పడ్డాయని, పైనుంచి ఎంత మందం రాయి కోతకు గురైందో వీటిని బట్టి లెక్కకట్టవచ్చని ఆయన చూపించాడు.