ఆ కాకికి నా మొహం తెలుసు

గూట్లోంచి కిందపడ్డ కాకిపిల్లను తీసి కొమ్మమీద పెట్టానో లేదో, తల్లికాకి వచ్చి నా నెత్తిన ఒక్కటి తన్నింది. అంతటితో వదల్లేదు. రెండు వారాలపాటు నేను గుమ్మం దాటితే చాలు, అరుపులే. పక్కనే నడిచే అమ్మ జోలికి మాత్రం వచ్చేది కాదు.

కాకులు మన మొహాలు గుర్తుపెట్టుకుంటాయని తర్వాత చదివాను. 2006లో సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జాన్ మార్జ్‌లఫ్ బృందం ఆదిమానవుడి ముసుగు వేసుకుని 7 కాకుల్ని పట్టి, కాళ్లకు రింగులు తొడిగి వదిలేసింది. ఏళ్లు గడిచినా ఆ ముసుగు కనిపిస్తే కాకులు గోల చేసేవి. నన్ను కదిలించింది ఇంకోటి: ఆ రోజు పట్టుబడనివి, అప్పటికి పుట్టనివి కూడా ఆ గోలలో చేరాయి! పెద్దవాటిని చూసి నేర్చుకున్నాయన్నమాట.

మా పిల్ల ఎగరడం నేర్చాక అరుపులు తగ్గాయి. ఇప్పటికీ ఆ చెట్టు కింద ఆగి పైకి చూస్తుంటాను.