నిలబడితేనే కనిపించిన జబ్బు

ఎడమకాలి చీలమండకు లోపలివైపు, కాస్త పైన, బల్ల అంచు గీసుకుంది. పది రోజుల్లో మానవలసిన గాయం పద్నాలుగు నెలలు మానలేదు. రాజమండ్రి తాడితోటలో బట్టల దుకాణం గుమాస్తాను నేను. ఉదయం నుంచి రాత్రి దాకా నిలబడే పని.

నిజానికి అంతకు రెండేళ్ల ముందు నుంచే అక్కడ చర్మం నల్లబడి దురద పెట్టేది. సాయంత్రానికి పాదం వాచి చెప్పు బిగుసుకునేది. పట్టించుకోలేదు. పుండు పడ్డాక అందరూ షుగర్ అన్నారు. మూడుసార్లు పరీక్ష చేయించినా షుగర్ లేదు. పసుపు, వేపాకు, మలాములు, వారాల తరబడి యాంటీబయాటిక్ మాత్రలు అయ్యాయి. రోజూ స్పిరిట్‌తో కడిగేవాణ్ణి. పుట్టుకొచ్చే కొత్త కణాలను కూడా అది చంపేస్తుందని అప్పుడు తెలియదు. రసి కారి, వాసన వస్తుంటే, చీరలు పరుస్తూ కూడా కొనేవాళ్లకు దూరంగా జరిగేవాణ్ణి. నొప్పిని ఓర్చుకున్నాను గానీ ఆ సిగ్గును ఓర్చుకోలేకపోయాను.

చివరికి వెళ్లిన రక్తనాళాల డాక్టరమ్మ గారు కట్టు విప్పకముందే "ఒకసారి నిలబడండి" అన్నారు. అంతవరకు అందరూ పడుకోబెట్టే చూశారు. నిలబడగానే పిక్క మీద సిరలు మెలికలు తిరిగి ఉబ్బాయి. "అసలు జబ్బు ఈ సిరలదండీ. పైకి వెళ్లే రక్తం వెనక్కి జారకుండా ఆపే కవాటాలు చెడిపోయాయి. అది కిందికి జారి నిలిచిపోతుంటే చర్మం ఎలా మానుతుంది?" అన్నారు. సిరల్లో రక్తం ఎటు పారుతోందో చూపే డాప్లర్ స్కాన్‌లోనూ అదే తేలింది.

చేతికీ చీలమండకూ బీపీ పోల్చి, ధమనులు బాగున్నాయని తేల్చుకున్నాకే బిగుతు కట్టు వేశారు. ధమనులు పూడుకుపోయిన కాలికి ఆ కట్టు వేస్తే ప్రమాదమట. కాలివేళ్ల మొదలు నుంచి మోకాలి కింది వరకు పొరలు పొరలుగా చుట్టి, వారానికోసారి మార్చేవారు. మొదటి రెండు రాత్రులు విప్పి పారేయాలనిపించింది. మా ఆవిడ విప్పనివ్వలేదు. కాలు గుండెకన్నా ఎత్తులో ఉండేలా దిండ్లు పెట్టి పక్కనే కూర్చుంది. నాలుగో వారానికి పుండు సగమైంది. పదకొండో వారంలో ఉల్లిపొరలాంటి చర్మం దాన్ని పూర్తిగా కప్పింది. ఆ రోజు ఇద్దరం ఏడ్చాం.

తర్వాత చెడిన సిరను లేజర్‌తో మూయించుకున్నాను. మళ్లీ పుండు పడకుండా, రోజూ మంచం దిగకముందే బిగుతు మేజోడు వేసుకుంటున్నాను. దుకాణంలో స్టూలు వేయించుకున్నాను.

పక్క దుకాణం గుమాస్తాకు చీలమండ దగ్గర నల్లబడింది. ఇంకా పుండు పడలేదు. సోమవారం సెలవు పెట్టించి, నేనే వెంటబెట్టుకుని వెళ్తున్నాను.